గోదారి గట్టున ఒక ఆదివారం

మొన్న కార్తీకంలో రెండు కార్లలో పదకొండు మందిమి గోదావరి గట్టు వెంబడి ఒక రోజంతా తిరిగొచ్చాం. అమ్మా నాన్నా, మేం నలుగురం, హైదరాబాదు నుంచి వచ్చిన నా స్నేహితురాలి కుటుంబం నలుగురు, మా పిన్ని. ఆ రోజు ఇంకా మనసులోంచి పోలేదు, అందుకే రాస్తున్నాను.

నా స్నేహితురాలు రాజమండ్రిలో రైలు దిగేసరికే ఒక లిస్టు రాసుకుని వచ్చింది. పాపికొండలు, మారేడుమిల్లి, దిండి, అంతర్వేది, యానాం, అన్నీ ఒక్క ఆదివారంలోనే. నాన్న దాన్ని ఓపిగ్గా చదివి, "అమ్మా, ఇవన్నీ ఒక్కరోజులో తిరిగితే నీకు రోడ్డు కనపడుతుంది గానీ గోదారి కనపడదు" అన్నారు. తను వెంటనే "సరే అంకుల్, మీరెక్కడికి తీసుకెళ్తే అక్కడికే" అంది. నాన్న ముందు సీట్లో కూర్చున్నారు. నదీ తీరం చూడాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదే, ఆ నీళ్ళ పక్కన పెరిగిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళని తప్పకుండా కారులో కూర్చోబెట్టుకోండి.

పొద్దున్నే ఆరింటికి ధవళేశ్వరం ఆనకట్ట మీదకి వచ్చేశాం. మంచు ఇంకా విడలేదు. ఒక పక్క నిండుగా నీళ్ళు, రెండో పక్క ఇసుక తిన్నెలు, మధ్యమధ్య పాయలు. కాటన్ దొర కట్టిన పాత ఆనకట్ట 1852 నాటికి పూర్తయిందనీ, ఇప్పుడు మనం నడిచే బ్యారేజీ ఆ తర్వాత వచ్చిందనీ నాన్న పిల్లలకి చెప్పారు. ఇక్కడి నుంచే గోదారి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. ఆ మాట విన్నాక మా చిన్నది పొద్దంతా ఏ పాయ కనపడినా "ఇది గౌతమా, వసిష్ఠా" అని అడుగుతూనే ఉంది.

అక్కడి నుంచి బొబ్బర్లంక మీదుగా కాలవ గట్టు పట్టుకుని లొల్ల లాకుల దగ్గరికి, అంటే కాలవకి అడ్డంగా ఉండే నీటి తలుపుల దగ్గరికి వెళ్ళాం. మా తాతయ్య కాలవల మీద లస్కరుగా, అంటే నీళ్ళ పారుదల చూసుకునే పనివాడిగా పనిచేశారు, నాన్న చిన్నతనమంతా లాకుల పక్కనే గడిచింది. ధాన్యం బస్తాలతో పడవలొచ్చేవట, గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవారట. కాలవ ఒకచోట పల్లంగా, ఒకచోట ఎత్తుగా ఉంటుంది కదా, పడవ ఆ ఎత్తు ఎలా ఎక్కుతుందని నా స్నేహితురాలి కొడుకు అడిగాడు. నాన్న కిందకి వంగి మట్టిలో పుల్లతో గీసి చూపించారు: పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు, పై నీళ్ళు మెల్లగా లోపలికి వదులుతారు, నీళ్ళతో పాటు పడవా పైకి లేస్తుంది, రెండు పక్కలా మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు, అంతే. వాడు అరగంట అక్కడి నుంచి కదల్లేదు. మేమూ తొందరపెట్టలేదు.

ఆత్రేయపురం పక్కనే. 2023లో పూతరేకులకి జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది గానీ, ఆ రేకు తీసే చేతుల్ని దగ్గర్నుంచి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగగానే రేకు వచ్చేస్తుంది. ఒకావిడ పొద్దున్నించీ ఆ సెగ ముందే కూర్చుని ఉంది. "ఆయ్, ముందు తినండమ్మా, నచ్చితేనే కొనుక్కోండి" అంది. మేం బెల్లంవి, పంచదారవి రెండూ తీసుకున్నాం, బేరం ఆడలేదు. ఆ పనికి బేరమాడటం నాకు నచ్చదు.

భోజనాలు పిన్ని వాళ్ళ బంధువుల కొబ్బరితోటలో. ఉసిరిచెట్టు ఒకటే ఉంది, చిన్నది, దాని నీడ అందరికీ చాల్లేదు, అయినా దాని చుట్టూనే చాపలు వేసుకున్నాం. అమ్మ రాత్రే పులిహోర కలిపి పెట్టింది, పిన్ని కంద బచ్చలి కూర తెచ్చింది, దద్దోజనం, కొబ్బరి పచ్చడి, గారెలు. ఆకులు ఆ తోటలోవే. నా స్నేహితురాలు కంద బచ్చలి ఎప్పుడూ తినలేదట, మూడుసార్లు వేయించుకుంది, పిన్ని మొహం వెలిగిపోయింది.

తర్వాత జరిగింది మాత్రం చెప్పాలి. పిల్లలు రేవులోకి దిగారు, నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి, పెద్దవాళ్ళం పక్కనే ఉన్నాం. ఒక్క అడుగు పక్కకి వేసేసరికి నా స్నేహితురాలి కొడుకు గుండెల దాకా మునిగిపోయాడు. మా ఆయన చెయ్యి పట్టి లాగారు కాబట్టి సరిపోయింది, ఇంటికొచ్చాక కూడా నాకు ఆ టెన్షన్ తగ్గలేదు. ఇసుక తీసిన చోట గుంతలుంటాయి, పైనుంచి చూస్తే నీళ్ళన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఊరివాళ్ళు రోజూ స్నానం చేసే మెట్ల రేవు కాకపోతే దిగకండి, అక్కడైనా ఊరివాళ్ళని అడిగి, పిల్లల చెయ్యి పట్టుకునే దిగండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ విప్పకండి, ఉక్కపోసినా సరే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదారిలో పడవ మునిగి ఎన్ని కుటుంబాలు ఏడ్చాయో మా వైపు ఎవరూ మర్చిపోలేదు.

సాయంత్రం పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర ఆగాం. కింద వైనతేయ పాయ, దాని మీదుగా కాలవ. నది మీద ఇంకో నీటిదారి వెళ్ళడం చూసి పిల్లలు నోరు తెరిచారు. పాతది కాటన్ కాలం నాటిది, పక్కన కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. అవతల ఉన్న పొలాలన్నీ ఈ కాలవ నీళ్ళతోనే పండుతాయని నాన్న చెప్తుంటే నా స్నేహితురాలు రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం.

అంతర్వేది మాత్రం మిగిలిపోయింది. ఈసారి దానికొక్కదానికే ఒక రోజు పెట్టుకున్నాం, తీర్థం రద్దీ లేనప్పుడు, తిరిగొచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వైపు దాటాలని. కంద బచ్చలి తన వంతేనని పిన్ని అప్పుడే చెప్పేసింది.