నా ఆధార్ ఏ ఖాతాకు ముడిపడిందో తెలియక పడిన పాట్లు

మా నాన్న 2023లో కాలం చేశాక ఆయన పేరున ఉన్న 2 ఎకరాల 20 గుంటల భూమిని నా పేరిట పౌతి (వారసత్వ మార్పిడి) చేయించుకున్నాను. తోబుట్టువుల సంతకాలు, తహసీల్దారు ముందు వేలిముద్రలు ఒకే రోజున ముగిశాయి. కొత్త పట్టాదారు పాసు పుస్తకం జిరాక్సును మా ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇచ్చాను. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వ పెట్టుబడి సాయమైన రైతు భరోసా కింద ఎకరాకు 6,000 చొప్పున 15,000 రూపాయలు మా ఊరి బ్యాంకు ఖాతాలో జమయ్యాయి.

కేంద్రం విడతకు 2,000 రూపాయలిచ్చే పీఎం కిసాన్‌కు దరఖాస్తు కూడా కష్టం కాలేదు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నవారికి ఈ పథకం వర్తించదు గానీ, వారసత్వంగా పొందినవారికి ఆ గడువు అడ్డు రాదు కాబట్టి నాన్న మరణ ధ్రువపత్రం జతచేసి పంపాను, ఆమోదం వచ్చింది. 2025 ఆగస్టు 2న 20వ విడత విడుదలైంది. మా వాడలో అందరి ఫోన్లకూ సందేశాలు వచ్చాయి, నాకు రాలేదు. వారం ఆగి మీ సేవకు వెళ్తే, అక్కడి అబ్బాయి స్టేటస్ చూసి 2,000 రూపాయలు ఎప్పుడో పడ్డాయన్నాడు.

బ్యాంకులో అడిగితే వ్యవసాయ కార్యాలయానికి వెళ్ళమన్నారు, అక్కడ అడిగితే తమ దగ్గర నుంచి వెళ్ళిపోయాయని, బ్యాంకులోనే చూసుకొమ్మని అన్నారు. ఇలా మూడుసార్లు తిరిగి, నాలుగోసారి బ్యాంకు కౌంటర్ ముందు పాసు పుస్తకం తెరిచి పట్టుకొని నిలబడ్డాను. అందులో చివరి వరుస జూన్‌లో పడిన 15,000దే, దాని కింద అంతా తెల్లకాగితం. కౌంటర్‌లోని ఉద్యోగి ఆ పుస్తకం వైపు చూడనైనా చూడకుండా, "రెండు వేలకు ఎన్నిసార్లొస్తవయ్యా? తీసుకొని తాగి మర్చిపోయినవేమో యాద్ చేసుకో" అన్నాడు. నా వెనుక వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు, వారిలో మా ఊరివాళ్ళూ ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా అదే బ్యాంకులో అప్పు తీసుకుంటూ ఒక్కసారీ గడువు దాటించని మనిషిని, జన్మలో చుక్క ముట్టనివాణ్ణి. ఆ మాటకు జవాబు చెప్పలేక బయటికి వచ్చాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు రైతు వేదికలో మా ఏఈవో అమ్మాయి నా ఫోన్‌కు వచ్చిన ఓటీపీతో ఆధార్ వెబ్‌సైటు తెరిచి, "కాకా, నీ ఆధార్ ఈ బ్యాంకుల లేదు, వేరే బ్యాంకుకు పోయింది" అని చూపించింది. రైతు భరోసా మనం ఇచ్చిన ఖాతా నంబరుకే వస్తుంది. పీఎం కిసాన్ మాత్రం ఆధార్ నంబరును పట్టుకొని, ఆఖరున ఏ ఖాతాను దానికి ముడివేశారో ఆ ఖాతాకు పోతుంది. ఏడాది కిందట సిమ్ కార్డు మార్చుకున్నప్పుడు, సరిగా పడలేదంటూ దుకాణదారు నాచేత మూడుసార్లు వేలు పెట్టించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సిమ్‌తో పాటు నాకు తెలియకుండా ఒక పేమెంట్స్ బ్యాంకు (జమలు తీసుకొని అప్పులివ్వని చిన్నరకం బ్యాంకు) ఖాతా కూడా తెరిచాడు. రైతు వేలిముద్రను ఇలా వాడుకోవడం దొంగతనమే, దానికి వేరే పేరు లేదు.

కాబట్టి డబ్బు రాలేదంటే ముందు ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు అనుసంధానం చూపించుకోండి, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్ళండి. అక్కడ ఖాతాకు ఆధార్ ఉందని చెబితే ఊరుకోవద్దు, అది ఉన్నంత మాత్రాన సొమ్ము అందులో పడదు; ప్రభుత్వ సొమ్ము ఈ ఖాతాలోనే పడాలని సమ్మతి పత్రం రాసిచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. నేను అదే కౌంటర్‌లో, అదే ఉద్యోగి చేత రసీదు మీద ముద్ర వేయించుకున్నాను. అతను తలెత్తి నన్ను చూడలేదు. సిమ్ దుకాణానికి వెళ్ళి వేలు పెడితే నా 2,000 రూపాయలు అక్కడే ఉన్నాయి. ఐదు వందల నోట్లు నాలుగూ లెక్కపెట్టుకొని, కలుపు తీసిన కూలీలకు బాకీ ఉన్న డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చేశాను.