ఎచ్చెర్ల తీరంలో విన్న కరాచీ మాట

2018 నవంబర్ చివర్లో గుజరాత్‌లోని వీరావల్ బోట్ల మీద పనిచేస్తున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుపోయింది. పదమూడు నెలలు కరాచీ జైల్లో ఉంచి, 2020 జనవరి 6న ఇరవై మందిని వాఘా దగ్గర మనకు అప్పగించింది. అప్పట్నుంచీ ఆ ఊళ్లు ఒకసారి చూడాలని ఉండేది, 2025 దసరా సెలవుల్లో కుదిరింది.

విజయనగరంలో శ్రీకాకుళం బస్సెక్కితే నాతవలస దగ్గర హైవే మీదికొస్తాం, రణస్థలం, చిలకపాలెం దాటాక ఎచ్చెర్ల. అక్కడ దిగి ఆటో మాట్లాడుకున్నాను. జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు, ఆ తర్వాత ఇసుక దిబ్బల మీద మొగలి పొదలు. ఎండు చేపల వాసన ముందొచ్చింది, సముద్రం తర్వాత కనిపించింది. డి.మత్స్యలేశం చేరేసరికి బాగా పొద్దెక్కింది, వేకువనే వెళ్లిన ఫైబర్ బోట్లు అప్పటికే ఒడ్డుకు చేరిపోయాయి. ఆడవాళ్లు కానాగంత చేపలు బుట్టల్లో వేసుకుని బేరాలాడుతున్నారు. ఊళ్లో పడుచువాళ్లు పెద్దగా కనపడలేదు, చాలామంది వీరావల్లోనే ఉన్నారట.

ఒక పెద్దాయన తాటాకు పాక నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. వల అంచు కాలి బొటనవేలికి తగిలించుకుని బిగువుగా లాగి, తెగిన చోట పాత దారం కోసేసి, సూదితో కొత్త దారం తిప్పి, ముడి పడే ముందు వేలితో వల కన్ను కొలుచుకుని, అప్పుడు బిగిస్తున్నాడు. నాతో మాట్లాడుతున్నంతసేపూ చూపు వల మీదే ఉంది. ఆయన కూడా చాలా ఏళ్లు వీరావల్ వెళ్లినవాడే, బోటు మీద కూలీగా, అంటే కలాసీగా మొదలై, బోటు నడిపించే తండేలు దాకా చేశాడు. ఇప్పుడు కొడుకు వెళ్తున్నాడు.

అంత దూరం ఎందుకని అడిగాను. "ఇక్కడ సేప ఉంటే ఎల్తామా బావూ? ఒడ్డుకాడ ఏటీ దొరకదు. పెద్ద బోటు కొందామంటే ఎక్కడ కట్టుకోవాల, హార్బరు నేదు కదా" అన్నాడు. ఆగస్టు వస్తే రైలెక్కడం, మళ్లీ వేట నిషేధం మొదలయ్యే వేళకు ఇంటికి రావడం. మధ్యలో ఒక్కో వేటకు రెండు మూడు వారాలు బోటు మీదే వంట, బోటు మీదే పడక.

మరి సరిహద్దు తెలీదా అంటే, "జీపీయస్ ఉంటాది, కాదన్ను. ఇంజను ఆగిపోతే జీపీయస్ ఏటి సేస్తాది? నీరు ఎటు లాగితే అటే" అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది. ఆ సరిహద్దు గీత మీద రెండు ప్రభుత్వాలకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. కచ్ రణ్ తగాదాను 1968లో ట్రిబ్యునల్ తేల్చింది గానీ, దాని పక్కనే సుమారు 96 కిలోమీటర్ల పొడవున, సముద్రంలో కలిసే సర్ క్రీక్ అనే పాయ తగాదా అలాగే మిగిలిపోయింది. పాయ మధ్యలోంచి గీత వెళ్లాలని మనం, తూర్పు ఒడ్డు దాకా మాదేనని వాళ్లు. ఇద్దరూ 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానాన్నే చూపిస్తారు. 2007లో కలిసి సర్వే కూడా చేశారు, ఒప్పందం దాకా రాలేదు. మరుసటి ఏడాదే ముంబై దాడి. ఆ ఉగ్రవాదులు వచ్చింది మన గుజరాత్ చేపల బోటు 'కుబేర్'ను దారిలో పట్టుకుని, అందులోవాళ్లను చంపేసి. ఆ తర్వాత ఆ నీళ్లలో కనిపించే ప్రతి బోటు మీదా అనుమానమే.

మనవాళ్లు జైల్లో ఉన్న ఆ పదమూడు నెలల్లో ఏం జరిగాయో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా ఉగ్రదాడి, వెంటనే బాలాకోట్ మీద మన విమానాల దాడి. ఆగస్టులో కశ్మీర్ 370వ అధికరణ రద్దు, పాకిస్తాన్ మన హైకమిషనర్‌ను పంపేసింది, వ్యాపారం ఆగింది, రెండు దేశాల మధ్య నడిచే సంఝౌతా రైలు ఆగింది. ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ పడి ఉంటారో. అదే ఏడాది ఏప్రిల్‌లో పాకిస్తాన్ వందల మంది భారతీయ మత్స్యకారుల్ని విడతలుగా వదిలింది, నవంబర్‌లో సిక్కు యాత్రికులకు కర్తార్‌పూర్ దారి తెరుచుకుంది, జనవరిలో మనవాళ్లొచ్చారు. తిట్టుకుంటూనే ఇవన్నీ చేశారు. విడుదలైన మత్స్యకారుల్ని కరాచీ నుంచి లాహోర్ దాకా పంపే ఏర్పాట్లు ఏళ్లుగా చూస్తున్నది అక్కడి ఈధీ ఫౌండేషన్ అనే సేవాసంస్థ. ఈ మాట మనవాళ్లందరికీ తెలియాలి.

నా ఉద్దేశంలో రెండు దేశాల మధ్య మనం కాపాడుకోవాల్సింది ఇలాంటి పద్ధతుల్నే. 2008 మే 21న కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఒకరి జైళ్లలో ఉన్న రెండో దేశంవాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 2025లో పహల్గామ్ ఉగ్రదాడి జరిగింది, అట్టారీ సరిహద్దు దారి మూతపడింది, మే నెలలో క్షిపణులు పేలాయి. అయినా జులై 1న జాబితాలు చేతులు మారాయి. వాళ్ల దగ్గర మన మత్స్యకారులు 193 మంది, మన దగ్గర వాళ్ల మత్స్యకారులు 81 మంది. ప్రధానులు కరచాలనం చేసుకుంటేనే శాంతి మొదలవుతుందని అనుకునేవాణ్ణి. ఆ తీరంలో ఆ మాట నిలబడదు, అక్కడి ఇళ్లకు పనికొచ్చింది ఈ జాబితానే.

ఇది చాలదు కూడా. జైళ్లు చూసిరావడానికి రెండు దేశాల రిటైర్డ్ న్యాయమూర్తులతో 2007లో ఒక కమిటీ వేశారు, 2013 అక్టోబర్ తర్వాత అది కదల్లేదు, 2018లో మళ్లీ మొదలుపెడదామని ఇద్దరూ ఒప్పుకుని కూడా వదిలేశారు. ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం 73వ అధికరణ ప్రకారం ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే ఒక దేశానికి చేపల మీద హక్కున్న సముద్ర భాగంలో, చేపల వేట తప్పుకు, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వేయకూడదు. రెండు దేశాలూ ఆ చట్టాన్ని ఆమోదించినవే. మరి ఏళ్లకేళ్లు ఈ జైళ్లేమిటి? మనుషులు తిరిగొచ్చినా బోట్లు చాలావరకు అక్కడే ఉండిపోతాయి, అది వేరే బాధ.

పెద్దాయన భార్య అంతసేపూ చేపలు ఎండబెడుతూ వింటోంది. నా ఫోన్‌లో విదేశాంగ శాఖ ప్రకటన చూపిస్తే, "ఇందులో పేర్లుంటాయా నాయినా?" అని అడిగింది. ఉండవు, లెక్కలే ఉంటాయి, పేర్లు ప్రభుత్వాల దగ్గరే ఉంటాయి అని చెప్పాల్సొచ్చింది. శిక్ష ముగిసి, మనవాడేనని తేలిన నెలలోపు పంపేయాలని ఒప్పందంలో ఉంది. తేలడమే ఆలస్యం. పోలీసులు ఊరికొచ్చి కాగితాలు అడిగి, పైకి రాసి, అది ఢిల్లీ దాటి వెళ్లాలి.

ఆవిడ లోపలికెళ్లి పాలిథిన్ కవరు తెచ్చింది. కొడుకు ఆధార్ నకలు, మత్స్యకారుల గుర్తింపు కార్డు నకలు, రేషన్ కార్డు, అన్నీ భద్రంగానే ఉన్నాయి. రేషన్ కార్డులో మాత్రం ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా పడింది. రేపు ఏదైనా జరిగితే ఇలాంటివే అడ్డం పడతాయి, గ్రామ సచివాలయంలో సరిచేయించండి అన్నాను. పెద్దాయన మొదటిసారి వల పక్కన పెట్టి కార్డు చేతిలోకి తీసుకుని చూశాడు. సోమవారం వేటకు వెళ్లకుండా ఆ పని చూస్తానన్నాడు.