ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలకు సాఫ్ట్‌వేర్ వెతుకులాట

మామూలు ఫొటోలకు ఏ ఎడిటర్ అయినా సర్దుకుపోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని పరారుణ కాంతితో తీసే ఫొటోలు) మొదలుపెట్టాకే తెలిసింది, అసలు పరీక్ష వైట్ బ్యాలెన్స్ దగ్గరే అని, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దడం దగ్గర. 720 నానోమీటర్ల ఫిల్టర్‌తో (దాదాపు అంతకంటే పొడవైన కాంతి తరంగాలనే రానిచ్చేది) తీసిన రా ఫైలు, అంటే కెమెరా ఇచ్చే ముడి ఫైలు తెరిస్తే ఫొటో అంతా ఎర్రగా ఉంటుంది. అడోబ్ వాళ్ల ఎడిటర్ లైట్‌రూమ్‌లో వైట్ బ్యాలెన్స్ మార్చే టెంపరేచర్ స్లైడర్ 2000 కెల్విన్ కంటే కిందికి దిగదు, ఇన్‌ఫ్రారెడ్‌కు అది చాలదు. అడోబ్ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌తో కెమెరాకు ప్రత్యేక ప్రొఫైల్ (దాని రంగులను ఎలా చూపాలో చెప్పే ఫైలు) చేసుకుంటే దారికొస్తుంది. పని జరుగుతుంది కానీ, ప్రతి కెమెరాకూ విడిగా చేయాలంటే నాకు ఓపిక లేదు.

చివరికి డార్క్‌టేబుల్ అనే ఉచిత రా ఎడిటర్‌కు మారాను. ఫొటోలో గడ్డి ఉన్న చోటును ఎంచుకుని వైట్ బ్యాలెన్స్ తీసుకోమంటే ఎరుపు దిగిపోయి ఆకులు తెల్లబడతాయి. ఆకాశం మాత్రం ఇటుక రంగులో మిగులుతుంది. అప్పుడు చానల్ మిక్సర్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు మార్చే చోటు) ఎరుపు, నీలం తారుమారు చేయాలి: ఎరుపు అవుట్‌పుట్‌లో ఎరుపు 0, నీలం 1. నీలం అవుట్‌పుట్‌లో దానికి రివర్స్. ఆకాశం నీలమవుతుంది. ఈ సెట్టింగునే మళ్లీ వాడుకునేలా ప్రీసెట్‌గా దాచుకున్నాను. నేర్చుకోవడం కాస్త తలనొప్పే, ఒప్పుకుంటాను.

ఫొటోలను సర్దిపెట్టుకోవడానికి డిజికామ్ అనే ప్రోగ్రాం. లెన్స్ ముందు ఏ ఫిల్టర్ పెట్టామో ఎక్సిఫ్‌లో (కెమెరా ఫొటోతో పాటు రాసే వివరాలు) ఉండదు కాబట్టి, దించుకున్న వెంటనే ఫిల్టర్ నంబర్‌ను బట్టి 590, 720, 850 అని ట్యాగులు పెట్టేస్తున్నాను. 850వి నేరుగా బ్లాక్ అండ్ వైట్‌కే వెళ్తాయి, వాటికి రంగుల గొడవే లేదు.