7.4 గ్రాములు వస్తుందనుకున్నాను, 2.5 వచ్చింది: వరి ఎంపికలో నా అనుభవం

ఎంఎస్సీ అగ్రికల్చర్‌లో నా థీసిస్ వరి మీద. సాంబ మసూరిని బరువైన కంకుల రకంతో సంకరం చేసి, కుదురుకు ఒక్క నారు చొప్పున 200 ఎఫ్2 (సంకరం తర్వాత రెండో తరం) మొక్కలు నాటాను. ఒక్కో దుబ్బు విడిగా కోసి, తాలు తీసి గింజలు తూచితే మొక్కకు సగటు 24 గ్రాములు, ప్రామాణిక విచలనం (మొక్కల మధ్య తేడాల కొలత) 6. మేటి 10 మొక్కలు ఏరాను. 5 శాతం ఎంపికకు k (ఏరినవి సగటు కన్నా ఎన్ని ప్రామాణిక విచలనాలు పైన ఉంటాయో చెప్పే అంకె) విలువ 2.06. తల్లిదండ్రుల వరుసల్లో అన్నీ ఒకే జన్యువుల మొక్కలు కాబట్టి వాటి మధ్య ఉన్న తేడాను పరిసరాల ప్రభావంగా తీసుకుంటే హెరిటబిలిటీ (తేడాల్లో జన్యువుల వల్ల వచ్చే వాటా) 0.60 తేలింది. k, విచలనం, హెరిటబిలిటీ మూడూ గుణిస్తే తర్వాతి తరంలో మొక్కకు పెరగాల్సింది 7.4 గ్రాములు. సగటు మీద 30 శాతం పైనే! ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

తర్వాతి సీజన్‌లో ఆ పదింటి సంతానాన్నీ, పక్కనే ఏరకుండా వదిలిన మొక్కల సంతానాన్నీ నాటాను. రెండింటి తేడా 2.5 గ్రాములే. తూకం యంత్రం పాడైందేమోనని మళ్లీ మళ్లీ తూచాను.

పది రోజులు టెన్షన్‌తో లెక్కల్లోనే తప్పు వెతికాను. చివరికి పొలంలో పనిచేసే అక్క నా పాత ట్యాగులు చూసి, "ఇవన్నీ గట్టు పక్కవే కదమ్మా, పక్క కుదుళ్లు చచ్చిపోయినచోట దుబ్బు బలంగానే కడుతుంది" అంది. మడి పటం తీసి చూస్తే పదింట్లో ఆరు అలాంటివే. తల్లిదండ్రుల వరుసలేమో మడి నడుమ, ఒక్క కుదురూ పోని చోట ఉన్నాయి. పరిసరాల తేడా అక్కడ తక్కువగా కనిపించి, హెరిటబిలిటీని పెంచి చూపింది. పైగా అది డామినెన్స్ (జతలోని రెండు జన్యురూపాలు వేరైనప్పుడు ఒకటి రెండోదాన్ని కప్పేయడం) ప్రభావాన్నీ కలుపుకున్న అంకె. ఎఫ్3కి (మూడో తరానికి) వచ్చేసరికి హెటిరోజైగస్ జన్యువులు, అంటే అలా వేరైన జతలు, సగమవుతాయి కాబట్టి ఆ భాగం పూర్తిగా నిలవదు. వచ్చిన 2.5ను ఎంపిక తేడా 12.4తో (ఏరినవాటి సగటు మొత్తం సగటును మించినది, 2.06 × 6) భాగిస్తే నిజంగా దక్కిన హెరిటబిలిటీ 0.20.

వెయ్యి గింజల బరువు విషయంలో మాత్రం అంచనా దాదాపు సరిపోయింది. ఆ గుణాన్ని గట్టు అంతగా కదిలించదు.

మొక్కజొన్నలో గార్డ్‌నర్ అనే శాస్త్రవేత్త 1961లో రాసిన గళ్ల పద్ధతి (మడిని గళ్లుగా విడదీసి, ఒకే గడిలోని మొక్కలనే పోల్చి ఏరడం) అప్పుడు గుర్తొచ్చింది. ఎఫ్1 (మొదటి తరం) మొక్కల నుంచి కోసి మిగిల్చిన ఎఫ్2 విత్తనంతో మళ్లీ 200 మొక్కలు పెంచి, మడిని 20 గళ్లుగా తాళ్లు కట్టి, గడికి ఒక్కటే ఏరాను. గట్టు వరుసలను ముట్టలేదు. పదింట్లో ఒక్కటే ఏరడంతో k 1.54కి తగ్గింది, హెరిటబిలిటీ 0.20 తీసుకుంటే అంచనా 1.8కి దిగింది. ఎఫ్3లో తేడా 1.9 గ్రాములు. ఈసారి ఒక్కసారే తూచి, నోట్‌బుక్‌లో రాసుకున్నాను.