ఫ్యూజు పీకినా వెలిగిన టెస్టర్

పదో తరగతి పాసయ్యాక అందరూ ఎంపీసీ అన్నారు. నేను మాత్రం దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వొకేషనల్ ఇంటర్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్ గ్రూపులో చేరాను. "స్తంభాలెక్కుతావురా?" అని మామయ్య ఎగతాళి చేశాడు. లెక్కలు తప్పించుకుందామనే ఆశ కూడా కొంత ఉందిలెండి. అవి ఇక్కడా వదల్లేదు.

మొదటి నెలంతా కరెంటు జోలికే వెళ్లనివ్వలేదు. తీగ మీద తొడుగు ఒలవడం, జాయింట్లు కట్టడం, అంతే. బ్లేడు గట్టిగా నొక్కితే లోపలి రాగికి గాటు పడుతుంది, తర్వాత వంచితే అక్కడే తెగుతుంది. సార్ జాయింటు రెండు కొసలూ పట్టుకుని లాగేవారు. ఊడొచ్చిందా, మళ్లీ మొదటి నుంచి. రాట్ టెయిల్ జాయింటు తేలిగ్గానే వచ్చింది, వెస్టర్న్ యూనియన్ జాయింటు నేర్చుకునేసరికి వేళ్లు బొబ్బలెక్కాయి.

ఆ తర్వాత సిరీస్ బోర్డు. మేం చేసిన ఏ కనెక్షనూ నేరుగా 230 వోల్టులకు తగిలించకూడదు. ముందు 100 వాట్ల బల్బుతో సిరీస్‌లో, అంటే కరెంటు ఆ బల్బు గుండానే వచ్చేలా, పెట్టి చూడాలి. ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ బల్బు భగ్గున వెలుగుతుంది, ఫ్యూజు మాత్రం పోదు. నా వల్ల అది చాలాసార్లే వెలిగింది.

మెట్ల వైరింగు దగ్గర వారం రోజులు ఆగిపోయాను. రెండు టూవే స్విచ్‌లు, ఒక బల్బు. కింద వేసింది పైన ఆపగలగాలి. నా బోర్డులో ఒక స్విచ్ ఒకవైపు ఉంటేనే రెండోది పనిచేసేది. సార్ ఏమీ చెప్పలేదు, బోర్డు వెనక్కి తిప్పి పెట్టి వెళ్లిపోయారు. చాలాసేపు చూస్తే అప్పుడు తెలిసింది: ఫేజ్, అంటే కరెంటు వచ్చే తీగ, స్విచ్ మధ్య టెర్మినల్‌కి రావాలి, నేను పక్కదానికి బిగించాను.

స్విచ్ ఫేజ్‌లోనే ఉండాలన్నది కూడా అప్పుడే చెప్పారు. న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగలో, పెట్టినా బల్బు ఆరుతుంది, కానీ హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది. పరీక్ష కోసం బట్టీ పట్టేశాను.

దసరా సెలవులకు ఇంటికెళ్లాను. బల్బు మార్చేటప్పుడు చెయ్యి జిల్లుమంటోందని అమ్మ చాన్నాళ్లుగా అంటోంది. తడి చేతులతో పట్టుకుంటావని మేమే కొట్టిపారేశాం. స్విచ్ ఆపి హోల్డర్‌లో టెస్టర్ పెట్టాను. వెలిగింది. వంటగదిలోనూ అంతే. ఫ్యూజు పీకి జేబులో వేసుకుని మళ్లీ చూశాను. అప్పుడూ వెలిగింది! కాళ్లు వణికాయి. సార్‌కి ఫోన్ చేశాను.

"ఏదీ ముట్టుకోకు. ఫ్యూజు కూడా న్యూట్రల్‌లో పడి ఉంటుంది. లైన్‌మన్‌ని పిలిచి స్తంభం దగ్గరే ఆపించు."

అంతకు ముందు ఏడాది మీటరు బోర్డు మార్చిన మనిషి ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండూ తారుమారు చేసి పోయాడు. లైట్లు, ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది? లైన్‌మన్ అన్న స్తంభం దగ్గర సర్వీసు వైరు తీసేసి, పది నిమిషాల్లో సరిచేశాడు. పని చిన్నదే గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో ఏడాది ఆన్ ద జాబ్ ట్రైనింగ్‌లో ఎక్కువగా గోడలకు గాళ్లు కొట్టడం, పైపుల్లో తీగలు లాగడం. అది చెప్పుకోవాల్సినంత కాదు.

ప్రాక్టికల్ పరీక్షలో నాకు మెట్ల వైరింగే వచ్చింది. బల్బు వెలిగాక, స్విచ్ ఫేజ్‌లో ఎందుకుండాలని ఎగ్జామినర్ అడిగారు. బట్టీ పట్టింది వదిలేసి మా ఇంటి సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "మరి మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందా?" అన్నారు.

నోట మాట రాలేదు. మిక్సీ ప్లగ్గు పెట్టే సాకెట్లో, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ తీగ రావాల్సిన పై కంతకి అసలు తీగే లేదు.

పరీక్షలయిన ఆదివారం నాన్నా నేనూ పెరట్లో గొయ్యి తవ్వి, పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపాం. సార్ వచ్చి చూశాకే తీగ కలిపాం. ఇంత ఉప్పు మట్టిపాలు చేశారని అమ్మ సాయంత్రం దాకా సణుగుతూనే ఉంది.