ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పాసయ్యాను: ఎస్‌ఎస్‌హెచ్, నెట్‌వర్క్ టాస్క్‌ల్లో మార్కులు ఎక్కడ జారిపోతాయంటే

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అంటే రెడ్ హ్యాట్ వాళ్ల లినక్స్ అడ్మిన్ సర్టిఫికేషన్ ఎగ్జామ్. రిజల్ట్ మెయిల్ వచ్చింది. 300కి 210 రావాలి, వచ్చాయి. రెండో అటెంప్ట్. ఎగ్జామ్‌లో ఏమొచ్చిందని మాత్రం అడగకండి, బయట చెప్పబోమని ఒప్పుకున్నాకే కూర్చోనిస్తారు. కింద రాసినవన్నీ ఈఎక్స్200 (ఈ ఎగ్జామ్ కోడ్) ఆబ్జెక్టివ్స్ పట్టుకుని ఇంట్లో ల్యాబులో చేసుకోవాల్సినవి, రెడ్ హ్యాట్ లినక్స్ 9 వెర్షన్ మీద. ఎల్‌వీఎం (డిస్క్ నిర్వహణ), యూజర్లు, క్రాన్ (టైమ్‌కి నడిచే పనులు) గురించి ఇప్పటికే చాలామంది బాగా రాశారు. నేను సర్వర్‌ని దూరం నుంచి చేరుకునే భాగమే తీసుకుంటున్నాను, అంటే నెట్‌వర్క్, దాని మీదుగా ఇంకో మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్. ఇది తప్పితే మిగతావి ఎంత బాగా చేసినా దిద్దేవాళ్లకి ఆ మెషీన్ అందదు.

మొదటి అటెంప్ట్ రీబూట్ దగ్గర పోయింది. ఏ టాస్కో చెప్పను, తప్పు ఏ రకమో చెప్తాను. మెషీన్లని రీబూట్ చేశాకే దిద్దుతారని అందరికీ తెలుసు. తెలిసినా పోతుంది, ఎందుకంటే లినక్స్‌లో చాలా కమాండ్లు ఇప్పటికి మాత్రమే పనిచేస్తాయి. 'ఐపీ యాడర్ యాడ్'తో పెట్టిన అడ్రస్ రీబూట్‌తో పోతుంది. 'సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్' చేసి ఎనేబుల్ మరిచిన సర్వీసు లేవదు. '--పర్మనెంట్' లేని ఫైర్‌వాల్ రూల్ రీలోడ్ కొట్టినా పోతుంది. వీటన్నిటికన్నా ప్రమాదం 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0'. ఎస్‌ఈలైనక్స్ (ఏ సర్వీసు ఏం చేయొచ్చో కట్టడి చేసే లినక్స్ భద్రతా వ్యవస్థ) అడ్డొస్తోందేమోనని దాన్ని ఆపడానికి ఒక్కసారి కొట్టి చూస్తారు, పని జరుగుతుంది, తర్వాతి టాస్క్‌లోకి వెళ్లిపోతారు. రీబూట్‌కి మళ్లీ ఎన్‌ఫోర్సింగ్, అంటే కట్టడి తిరిగి అమల్లోకి. అప్పటిదాకా పచ్చగా ఉన్నదంతా ఒక్కసారిగా ఆగిపోతుంది.

ల్యాబుకి 8 జీబీ ల్యాప్‌టాప్ చాలు. 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్‌తో రెండు వర్చువల్ మెషీన్లు. రెడ్ హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ వ్యక్తులకి ఉచితం, 16 సిస్టమ్‌ల వరకు వాడుకోవచ్చు. లేదంటే దానిలాగే పనిచేసే ఉచిత లినక్స్‌లు రాకీ, అల్మా 9 ఏదైనా పరవాలేదు. ఒక్క మెషీన్ మీద ప్రాక్టీస్ చేసి 'ఎస్‌ఎస్‌హెచ్ లోకల్‌హోస్ట్'తో టెస్ట్ చేసుకోవడం మానండి. లూప్‌బ్యాక్ ట్రాఫిక్‌ని, అంటే మెషీన్ తనతో తానే మాట్లాడుకునేదాన్ని, ఫైర్‌వాల్‌డీ (ఫైర్‌వాల్ సర్వీసు) ఆపదు. పోర్ట్ తెరవకపోయినా అక్కడ కనెక్ట్ అవుతుంది, పక్క మెషీన్ నుంచి అవ్వదు.

ఇప్పుడు అసలు ఎక్సర్‌సైజ్: ఎస్‌ఎస్‌హెచ్‌ని పోర్ట్ 22 నుంచి 2222కి మార్చండి. మూడు చోట్ల పని ఉంటుంది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ సర్వీసు) కాన్ఫిగ్, ఎస్‌ఈలైనక్స్, ఫైర్‌వాల్. ఒక్కొక్కటీ కావాలని వదిలేసి ఏ ఎర్రర్ వస్తుందో చూడండి, నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. కాన్ఫిగ్ మార్చి ఎస్‌ఈలైనక్స్ వదిలేస్తే సర్వీసు ఫెయిలవుతుంది, జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) 'బైండ్ టు పోర్ట్ 2222... పర్మిషన్ డినైడ్' అని ఉంటుంది. ఎస్‌ఈలైనక్స్ సరిచేసి ఫైర్‌వాల్ వదిలేస్తే క్లయింట్‌లో 'నో రూట్ టు హోస్ట్' వస్తుంది. అది చూసి రూటింగ్ టేబుల్ తవ్వుతూ పావుగంట పోగొట్టుకునేవాళ్లు చాలామంది. పింగ్ పనిచేస్తూనే ఈ మాట వస్తే అనుమానించాల్సింది ఫైర్‌వాల్ రిజెక్ట్‌నే. ఫైర్‌వాల్ తెరిచి ఉండి వినే సర్వీసే లేకపోతే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్'. ఈ తేడా చేతికొస్తే సగం ట్రబుల్‌షూటింగ్ ఎర్రర్ చదవడంతోనే అయిపోతుంది.

ఇంకో మెలిక. జాగ్రత్త కోసం 'పోర్ట్ 22', 'పోర్ట్ 2222' రెండు లైన్లూ పెట్టొచ్చు, రెండింటి మీదా వింటుంది. కానీ ఆ పోర్ట్ ఎస్‌ఎస్‌హెచ్‌దని చెప్పే ఎస్‌ఈలైనక్స్ లేబుల్ లేకపోతే 2222 మీద బైండ్ ఫెయిలై 22 మీద మాత్రం లేస్తుంది, స్టేటస్ 'యాక్టివ్' అనే చూపిస్తుంది. స్టేటస్‌ని నమ్మకండి, 'ఎస్‌ఎస్ -టీఎల్ఎన్‌పీ' కొట్టి పోర్ట్ కంటితో చూడండి.

లేబుల్ కమాండ్ బట్టీ పట్టక్కర్లేదు. 'సెమ్యానేజ్ పోర్ట్ -ఎ -టి ఎస్‌ఎస్‌హెచ్_పోర్ట్_టి -పి టీసీపీ' అని ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ఫైల్లోనే, పోర్ట్ లైన్‌కి కాస్త పైన కామెంట్‌గా ఉంటుంది. సెమ్యానేజ్ దొరకకపోతే 'పాలసీకోర్‌యుటిల్స్-పైథాన్-యుటిల్స్' ప్యాకేజీ వేసుకోవాలి. 'ఆల్రెడీ డిఫైన్డ్' అంటే ఆ పోర్ట్‌కి ముందే వేరే లేబుల్ ఉన్నట్టు, -ఎ బదులు -ఎమ్ వాడండి.

రీస్టార్ట్‌కి ముందు 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టి' (చిన్న టి) కొడితే సింటాక్స్ తప్పులు బయటపడతాయి. పెద్ద టి అయితే చివరికి ఏ విలువ అమల్లో ఉందో మొత్తం చూపిస్తుంది. ఈ పెద్ద టి చాలామందికి తెలీదు. ఫైల్ చివర 'పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో' రాసినా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటే కారణం ఇది: 9లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డి డైరెక్టరీని మెయిన్ ఫైల్ మొదట్లోనే కలుపుకుంటుంది, ఒక ఆప్షన్‌కి మొదట కనబడ్డ విలువే తీసుకుంటుంది. క్లౌడ్ ఇమేజ్‌ల్లో 50-క్లౌడ్-ఇనిట్ ఫైల్ ముందే 'యెస్' అనేసి ఉంటే మీరు కింద రాసింది చెల్లదు. మీ ఫైల్‌ని 01తో మొదలయ్యే పేరుతో అదే డైరెక్టరీలో పెట్టండి.

కీ లాగిన్‌ది ఎప్పుడూ పర్మిషన్ల గొడవే. '.ఎస్‌ఎస్‌హెచ్' 700, ఆథరైజ్డ్_కీస్ 600, హోమ్ డైరెక్టరీకి గ్రూప్ రైట్ ఉండకూడదు. 'ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ' వాడితే కొత్తగా తయారయ్యే '.ఎస్‌ఎస్‌హెచ్', ఆథరైజ్డ్_కీస్‌ల పర్మిషన్లు అదే చూసుకుంటుంది. రూట్‌గా ఫైల్ కాపీ చేసి పెడితే ఓనర్, ఎస్‌ఈలైనక్స్ కాంటెక్స్ట్ (లేబుల్) తప్పొచ్చు. 'చోన్', ఆ తర్వాత 'రెస్టోర్‌కాన్ -ఆర్‌వీ' కొట్టి సరిచేయండి.

నెట్‌వర్క్ టాస్క్‌ని కన్సోల్ (మెషీన్ సొంత స్క్రీన్) నుంచే చేయండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని అడ్రస్ మారిస్తే కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే. 'ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ కాన్ మాడ్'లో అడ్రస్, గేట్‌వే, డీఎన్‌ఎస్, మెథడ్ మాన్యువల్ నాలుగూ ఒకే కమాండ్‌లో ఇవ్వండి. అడ్రస్ లేకుండా మాన్యువల్ అంటే ఒప్పుకోదు. అడ్రస్ ఇచ్చి మెథడ్ ఆటోలోనే వదిలేస్తే డీహెచ్‌సీపీ అడ్రస్ (నెట్‌వర్క్ తనంతట ఇచ్చేది) కూడా పక్కనే వచ్చి కూర్చుంటుంది. 192.168.122.50 అని రాసి /24 (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పేది) మరిస్తే అది /32, అంటే ఒక్క అడ్రస్సే అయిపోతుంది, పక్క మెషీన్ కూడా సొంత నెట్‌వర్క్‌లో లేనట్టే. 'కాన్ అప్' కొట్టేదాకా ఏదీ అమల్లోకి రాదు. పాత నోట్సులోని ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైళ్లు (పాత తరహా నెట్‌వర్క్ సెట్టింగ్ ఫైళ్లు) పక్కన పెట్టండి, 9లో ప్రొఫైళ్లు కీఫైల్ రూపంలో సిస్టమ్-కనెక్షన్స్ డైరెక్టరీలో ఉంటాయి. చేత్తో ఎడిట్ చేస్తే ఓనర్ రూట్, పర్మిషన్ 600 ఉండాలి, లేకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ ఫైల్‌ని పట్టించుకోదు.

రోజుకి ఎన్ని గంటలు చదివారని అడుగుతున్నారు. నా ఉద్దేశంలో గంటలు లెక్క కాదు, రీబూట్లే లెక్క. ప్రతి టాస్క్ తర్వాత రీబూట్ చేసి, రెండో మెషీన్ నుంచి చూడటం రోజూ చేయాల్సిన పని. విసుగొస్తుంది. విసుగొచ్చినా చేసినవాళ్లకి ఎగ్జామ్ హాల్లో చేతులు వాటంతట అవే పనిచేస్తాయి. వీడియోలు పక్కన నడుస్తుంటే చూస్తూ తలూపడం ప్రాక్టీస్ కాదు, దయచేసి నమ్మండి. షార్ట్‌కట్ లేదా అంటే, ఉంటే నేనే ముందు వాడుకునేవాణ్ని.

ఎగ్జామ్‌కి ఉన్న 3 గంటల్లో నెట్‌వర్క్ మొదట, స్టోరేజ్ తర్వాత, మిగతావి మీ ఇష్టం. చివరి 20 నిమిషాలు ఏ కొత్త టాస్కూ ముట్టకుండా రీబూట్‌కే ఉంచండి. మెషీన్ లేచాక పక్కదాని నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కనెక్ట్ అవ్వకపోతే కన్సోల్‌లో ఈ వరసలో చూడండి: 'ఐపీ ఎ'లో అడ్రస్ ఉందా, 'ఎస్‌ఎస్ -టీఎల్ఎన్‌పీ'లో పోర్ట్ ఉందా, 'ఫైర్‌వాల్-సీఎండీ --లిస్ట్-ఆల్'లో తెరిచి ఉందా, 'గెట్‌ఎన్‌ఫోర్స్' ఏమంటోంది. నాలుగు కమాండ్లు, రెండు నిమిషాలు. సరిచేసి ఇంకోసారి రీబూట్ కొట్టడానికి టైమ్ ఇంకా మిగులుతుంది.