ఎగిరేదాన్ని గ్రేట్‌సోర్డ్‌తో ఏం చేస్తాం చెప్పండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలాడే టేబుల్ ఆటలో బార్బేరియనో, గ్రేట్‌సోర్డ్ లాంటి పెద్ద కత్తి పట్టిన ఫైటరో (ఇద్దరూ దగ్గరికెళ్ళి కొట్టే యోధులే) ఆడేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు మాంటికోర్ అనే రెక్కల మృగం తగులుతుంది. 50 అడుగుల స్పీడ్‌తో ఎగురుతూ 100 అడుగుల దూరం నుంచి తోకముళ్ళు విసురుతూ ఉంటుంది, కిందకి దిగాల్సిన ఖర్మ దానికేం లేదు. విజార్డ్ ఫైర్ బోల్ట్ వేస్తాడు, రోగ్ బాణాలేస్తాడు, మనం మాత్రం "సరే, దాని కిందకి పరిగెత్తుతా" అనేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాం.

వెంటనే పక్కనోళ్ళు ఇచ్చే సలహా, లాంగ్‌బో కొనుక్కోరా అని. నాకు ఇది అస్సలు నచ్చదు. 50 గోల్డ్ సంగతి అటుంచండి, విల్లుకి కావాల్సింది డెక్స్ (చురుకుదనం), మనం పెంచుకున్నది స్ట్రెంత్ (బలం). అదే జావెలిన్ (విసిరే ఈటె) అయితే విసిరినా స్ట్రెంతే లెక్క, ఒక్కోటి 5 సిల్వర్, 5 కొన్నా రెండున్నర గోల్డే.

లెక్కేసి చూద్దాం. లెవెల్ 5 ఫైటర్, స్ట్రెంత్ 18, డెక్స్ 10 అనుకోండి. మాంటికోర్ ఏసీ (దానికి దెబ్బ తగలాలంటే మనం అందుకోవాల్సిన నంబర్) 14. 20 ముఖాల పాచికలో పడినదానికి జావెలిన్‌తో +7 కలుస్తుంది, అంటే 70 శాతం తగులుతుంది. 30 అడుగులు దాటితే డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) కదా, అప్పుడు 49 శాతం. లాంగ్‌బోకి +3 మాత్రమే, అంటే 50 శాతం. అంటే డిసడ్వాంటేజ్‌తో విసిరిన జావెలిన్ మామూలుగా వేసిన బాణానికి దాదాపు సమానం, పైగా తగిలితే డ్యామేజ్ సగటున ఏడున్నర, బాణానికి నాలుగున్నరే. 120 అడుగుల దాకా ఇదే కథ.

కాకపోతే 2014 రూల్స్‌తో ఆడేవాళ్ళకి ఒక మెలిక ఉంది. టర్న్‌కి ఒక్క ఆయుధమే ఫ్రీగా బయటికి తీయొచ్చు, కాబట్టి ఎక్స్‌ట్రా అటాక్ (టర్న్‌కి రెండో దెబ్బ) ఉన్నా రెండో జావెలిన్ చేతిలోకి రాదు (ముందే ఒకటి పట్టుకుని ఉంటే మొదటి టర్న్‌లో గట్టెక్కుతాం, తర్వాత అదే గోల). అప్పుడు దూరంలో రెండు బాణాలు ఒక్క జావెలిన్ కంటే కొంచెం మెరుగే, ఒప్పుకోవాలి. 2020లో వచ్చిన థ్రోన్ వెపన్ ఫైటింగ్ స్టైల్ (ఫైటర్ ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకుంటే ఈ గోల పోతుంది కానీ దానికోసం ఫైటింగ్ స్టైల్ ఖర్చు పెట్టడం నాకు దండగే అనిపిస్తుంది.

2024 రూల్స్‌లో సీన్ మొత్తం మారిపోయింది. విసిరే ఆయుధాన్ని అటాక్‌లో భాగంగానే తీసుకోవచ్చు. డెక్స్ 13 లేకపోతే లాంగ్‌బో మీదే డిసడ్వాంటేజ్, మన 50 శాతం కాస్తా 25కి పడిపోయింది. బార్బేరియన్లకైతే పండగే, ఇదివరకు రేజ్ (వాళ్ళ ఆవేశం) వల్ల కలిసే అదనపు డ్యామేజ్ చేతిలో పట్టి కొడితేనే వచ్చేది, ఇప్పుడు స్ట్రెంత్‌తో విసిరినా వస్తుంది, రెక్‌లెస్ అటాక్ (తెగించి కొట్టి అడ్వాంటేజ్, అంటే రెండు పాచికల్లో పెద్దది, తెచ్చుకోవడం) కూడా అంతే. దూరం వల్ల వచ్చే డిసడ్వాంటేజ్‌ని రెక్‌లెస్ కొట్టేస్తుంది, ఇంకేం కావాలి! జావెలిన్ మాస్టరీ (ఆ ఆయుధానికి ఉండే అదనపు ప్రభావం) ఉంటే తగిలినదాని స్పీడ్ 10 అడుగులు తగ్గుతుంది కూడా.

చేతుల సంగతి కూడా చూసుకోవాలి. గ్రేట్‌సోర్డ్‌ని రెండు చేతులతో పట్టాల్సింది కొట్టేటప్పుడే, మిగతా టైంలో ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో జావెలిన్ విసరొచ్చు. కత్తీ డాలూ పట్టినోళ్ళకే ఇబ్బంది, కత్తి ఒరలో పెట్టాలి, లేదా కింద పడేయాలి. వాళ్ళు కత్తి బదులు స్పియర్ పట్టుకుంటే చేతిలో ఉన్నదే విసిరేయొచ్చు, రేంజ్ 20 అడుగులే అయినా.

ఏదీ లేకపోతే నక్కండి, సిగ్గేం లేదు. 2014 మాంటికోర్‌కి ముళ్ళు 24, టర్న్‌కి మూడు విసురుతుంది, అంటే 8 రౌండ్లలో ఖాళీ, లాంగ్ రెస్ట్ తీసుకుంటే గానీ మళ్ళీ రావు. గోడ పక్కన త్రీ క్వార్టర్స్ కవర్ (ముప్పావు ఒళ్ళు దాగే చోటు) దొరికితే మీ ఏసీకి 5 కలుస్తుంది. ముళ్ళు అయిపోయాక కొరకాలంటే అదే కిందకి రావాలి. చాలామంది డీఎంలు (ఆట నడిపేవాళ్ళు) ఆ 24 లెక్క పెట్టరు, అందుకే కాగితం మీద గీతలు మీరే గీసుకోండి, అయిపోగానే అడగండి.